శ్రీరంగపట్నం కత్తి అని వ్యాపారి చెబితే ఏమేమి అడగాలి

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే నా జవాబంతా దాని వివరాల మీదే ఆధారపడి ఉంది. హైదరాబాదులో పాత వస్తువులు అమ్మే ఒక వ్యాపారి ఒకే చట్రంలో బిగించిన ఒక తల్వారును, ఒక పతకాన్ని మీకు చూపించి రెండింటికీ కలిపి 6 లక్షల రూపాయలు అడిగారు. 1799లో శ్రీరంగపట్నం కోట పడిన రోజున ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని ఒక కెప్టెన్ ఈ కత్తిని టిప్పు సుల్తాన్ సేనాధిపతి ఒకరి నుంచి చేజిక్కించుకున్నాడనీ, ఇంగ్లండులో అతని వంశీకుల ఇంట్లో రెండు శతాబ్దాలు ఉండి ఈ మధ్యనే తన చేతికి వచ్చిందనీ ఆయన చెప్పారు. పతకం అంచున ఆ కెప్టెన్ పేరు చెక్కి ఉంది. కత్తి అలుగు (పదును రేకు) మీద పులిచారలు, బంగారు పారసీ అక్షరాలు, 1213 అనే అంకె ఉన్నాయి. వీటితో పాటు ఇవన్నీ అసలైనవేనని ధ్రువీకరిస్తున్న ఒక సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు. నమ్మవచ్చా అని మీరు అడుగుతున్నారు.

మీరు పంపిన ఫోటోలను బట్టి కత్తి పాతదే అయి ఉండవచ్చునని నాకు అనిపిస్తున్నది. కథకు మాత్రం మీరు చూపిన వాటిలో ఒక్క ఆధారమూ లేదు, పైగా దానికి ఎదురు నిలిచే ఆనవాళ్ళు ఆ వస్తువుల మీదే ఉన్నాయి. అందువల్ల ఈ స్థితిలో ఆ ధర ఇవ్వవద్దని నా సలహా. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాపారి కాకపోతే మరొకరు ఇటువంటి కథతోనే రేపు మీ ముందుకు వస్తారు.

మొదట ధరను రెండుగా విడదీసి చూడడం అలవాటు చేసుకోండి. అదే కాలానికి చెందిన, అదే నాణ్యత గల, ఏ కథా లేని తల్వారు పేరున్న వేలంపాటల్లో ఎంతకు పోతున్నదో పాత ఫలితాలు వెతికి చూడండి. అది వస్తువు ధర. మిగిలినదంతా టిప్పు పేరుకూ, కెప్టెన్ పేరుకూ మీరు కట్టే వెల. మీ విషయంలో ఈ రెండో భాగమే చాలా పెద్దది. వస్తువును మీరు చేతిలోకి తీసుకుని పరీక్షించవచ్చు; కథను పరీక్షించడానికి కాగితాలు, రాతలు, తేదీలు కావాలి, అవి అమ్మకానికి పెట్టక ముందు నుంచీ ఉన్నవై ఉండాలి. కథ వల్ల లాభపడే మనిషే ఆ కథకు ఏకైక సాక్షి అయితే దాని విలువ సున్నా అని లెక్కవేసుకోవాలి. మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎలా అడుగుతామో, ఒక్క లింకు తెగినా ఎలా వెనక్కి తగ్గుతామో, ఇక్కడా అంతే పట్టుదల అవసరం.

టిప్పు పేరుకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. 2023 మే నెలలో లండన్‌లోని బాన్‌హమ్స్ వేలంలో టిప్పు పడకగది కత్తి సుమారు 1 కోటి 40 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. కోట మీది దాడికి నాయకత్వం వహించిన మేజర్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు ఆ కత్తిని బహూకరించారు. అతని పేరు, ఆ బహూకరణ సందర్భం రాతపూర్వకంగా నిలిచి ఉండడం వల్లనే కొన్నవారు అంత సొమ్ము పెట్టారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి టిప్పు పేరు తగిలించిన కత్తులు అభిప్రాయం కోసం నా దగ్గరకు రావడం బాగా పెరిగింది. వాటిలో ఎక్కువ భాగం సాధారణమైన పాత తల్వార్లు, వాటికి ఈ మధ్యనే టిప్పు చిహ్నమైన పులిచారలు మొలిచాయి.

మైసూరు ఆయుధాలు నేటికీ దొరకడం అసాధ్యమేమీ కాదని కూడా ఒప్పుకోవాలి. 1799 మే 4న కోట పడినప్పుడు లోపల తొమ్మిది వందలకు పైగా ఫిరంగులు, పెద్ద సంఖ్యలో తుపాకులు, కత్తులు దొరికాయి. ఖజానాను, ఆయుధాగారాన్ని లెక్కగట్టి హోదాను బట్టి పంచడానికి ఒక సంఘాన్ని నియమించారు. దానితో సంబంధం లేకుండా ఆ రాత్రి సైనికులు ఊరిని కొల్లగొట్టారు. మర్నాడు బ్రిటిష్ సైన్యాధికారి ఆర్థర్ వెల్లెస్లీ కొందరిని ఉరితీయించిన తరువాతే దోపిడీ ఆగింది. దాడిలో మద్రాసు, బొంబాయి సైన్యాలతో పాటు నిజాం సేనలు కూడా ఉన్నాయి కనుక మైసూరు ఆయుధం నేరుగా హైదరాబాదుకు చేరడం కూడా జరగదగినదే. అయితే జరగదగినది కావడం వేరు, జరిగినదని నిరూపించడం వేరు. నకిలీ కథ అల్లేవాడు కూడా జరగదగిన కథనే అల్లుతాడు. వినగానే అసంభవం అనిపించే కథను ఎవరూ 6 లక్షలకు అమ్మజూపరు.

ఇప్పుడు పతకం సంగతి. శ్రీరంగపట్నం పతకం నిజమైన పతకమే, ఈస్టిండియా కంపెనీ దానిని ఇచ్చింది. ఒక వైపు బ్రిటిష్ సింహం మైసూరు పులిని లొంగదీస్తున్న బొమ్మ, రెండో వైపు కోట మీద దాడి దృశ్యం ఉంటాయి. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ముద్రించినవి దాదాపు 48 మిల్లీమీటర్ల వెడల్పు, కలకత్తా టంకశాలలో ముద్రించినవి దాదాపు 45 మిల్లీమీటర్లు ఉంటాయి. అసలు పతకం నుంచి అచ్చు తీసి పోత పోసిన నకలు లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి కొంచెం చిన్నదవుతుంది, దాని ఉపరితలం మీద సన్నని ఇసుక గరుకు, అంచున అచ్చు అతికిన గీత కనిపిస్తాయి. కనుక వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్ళి వెడల్పు కొలవండి, అంచంతా వేలితో తడిమి చూడండి.

అయితే కొలతలు సరిపోయినా కథ నిలబడదు. ఈ పతకాలను పేర్లు చెక్కకుండా ఇచ్చారు. మీ పతకం అంచున ఉన్న పేరు కంపెనీ చెక్కించినది కాదు. 1810లో పతకం అందుకున్న మనిషే సొంత ఖర్చుతో చెక్కించుకుని ఉండవచ్చు, గత సంవత్సరం ఇంకెవరైనా చెక్కించి ఉండవచ్చు. పైగా ఈ పతకాన్ని హోదాను బట్టి వేరు వేరు లోహాల్లో ఇచ్చారు. పెద్ద సేనానులకు బంగారం, తరువాతి శ్రేణి అధికారులకు బంగారు పూత వేసిన వెండి, కెప్టెన్లకూ వారి కింది అధికారులకూ వెండి, హవల్దార్ల వంటి వారికి కంచు, సాధారణ సైనికులకూ సిపాయిలకూ తగరం. మీరు పంపిన ఫోటోలోని పతకం మసకబారిన తెల్లని మెత్తని లోహం, చేతికి తేలికగా ఉందని మీరే రాశారు. అది తగరమే అయితే కెప్టెన్‌ది కావడానికి వీల్లేదు. పతకం అసలుదే అనుకుందాం. అప్పుడది ఒక సిపాయిది అయి ఉండాలి, మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది ఉండేవారు కనుక బహుశా మన ఊళ్ళ నుంచి వెళ్ళిన మనిషిది కూడా కావచ్చు. తగరం మెత్తనిది, త్వరగా పాడవుతుంది, అందుకే ఆ పతకాలు తక్కువగా మిగిలాయి. అలా మిగిలిన ఒకదాని అంచున ఒక కెప్టెన్ పేరు చెక్కడమంటే ఆ సిపాయి వదిలిపోయిన ఏకైక ఆనవాలును చెరిపివేయడమే. నకిలీ కథల వల్ల కొనేవాడి జేబుకు మాత్రమే నష్టం అనుకునేవారికి నేను చెప్పేది ఇదే.

ఆ చెక్కుడును భూతద్దంతో చూడమని కూడా చెబుతాను. పతకం ముఖం మీద సింహం జూలు అరిగిపోయి నునుపుగా ఉండి, అంచు మీది అక్షరాల గాట్లు మాత్రం పదునుగా, లోపల మెరుస్తూ ఉంటే ఆ రెండింటి వయసు ఒకటి కాదు.

కత్తి విషయంలో నాకు ఎక్కువ అనుమానం కలిగించింది ఆ 1213 అంకె. అది హిజ్రీ (ముస్లిం పంచాంగపు) సంవత్సరమైతే 1798 జూన్ నుంచి 1799 జూన్ మొదటి రోజుల వరకు వస్తుంది. అంటే కత్తి తయారైన ఏడాదే కోట కూడా పడిపోయిందన్నమాట. యాదృచ్ఛికంగా జరగవచ్చు, కాదనను. కానీ టిప్పు తన రాజ్యంలో హిజ్రీకి బదులు మౌలూదీ అనే సొంత లెక్కను ప్రవేశపెట్టాడు. ఆయన నాణేల మీద ఆ లెక్క 1215తో మొదలవుతుంది, అంకెలను కుడి నుంచి ఎడమకు రాస్తారు. రాజధానిలోని కార్ఖానాల్లో తయారైన తుపాకుల మీద కూడా మౌలూదీ సంవత్సరాలే కనిపిస్తాయి. సుల్తాన్ ఆయుధాగారం నుంచి వచ్చిందని చెప్పే కత్తి మీద, ఆయన పాలన చివరి ఏడాదిలో, హిజ్రీ అంకె మామూలు క్రమంలో ఉండడం నాకు పొసగడం లేదు. ఒక సేనాధిపతి బయట ఎక్కడో సొంతంగా చేయించుకున్న కత్తి అంటే హిజ్రీ ఉండవచ్చు. కానీ అప్పుడు అలుగు మీద సుల్తాన్ చిహ్నమైన పులిచారలు ఎందుకున్నాయో వ్యాపారి చెప్పాలి.

ఇంకొక సంగతి చూడండి. శ్రీరంగపట్నం పతకం వెనక వైపు, దాడి దృశ్యం కింద, కోట పడిన తేదీని పారసీలో ముద్రించారు. అక్కడ ఉన్న సంవత్సరం 1213. కత్తి మీద అంకె వేసినవాడు దానిని ఎక్కడి నుంచి తీసుకున్నాడో నేను నిరూపించలేను, కానీ ఒకే చట్రంలో పక్కపక్కన బిగించిన రెండు వస్తువుల మీద ఒకే సంవత్సరం ఉన్నప్పుడు ఒకదాన్ని చూసి మరొకదాని మీద చెక్కారా అన్న ప్రశ్న రావడం సహజం. ఆ రెండు చోట్లా అంకెల ఆకారాలను దగ్గరగా ఫోటో తీసి పోల్చి చూడండి.

బంగారు పని గురించి. పాత కోఫ్త్‌గరీ (ఉక్కు మీద బంగారం పట్టించే) పనిలో ముందుగా ఉక్కు ఉపరితలం మీద అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు దట్టంగా గీసి, వాటి మీద బంగారు తీగను కొట్టి పట్టిస్తారు. రెండు వందల ఏళ్ళు చేతులు తగిలాక ఎత్తైన చోట్ల బంగారం అరిగిపోయి కింది గీతలు బయటపడతాయి, పల్లంలో మాత్రం బంగారం మిగులుతుంది. తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు బంగారాన్ని కింది నుంచి లేపి రాల్చేస్తుంది, కనుక తుప్పు తిన్న గుంటలో బంగారం ఉండదు. మీ మూడో ఫోటోలో, పిడికి దగ్గరగా, రెండో అక్షరం కాడ ఒక తుప్పు గుంట మీదుగా పోతున్నది. ఆ గుంట లోపలి గోడకు కూడా పసుపు రంగు అంటుకుని ఉంది. ఫోటో నన్ను మోసం చేయకపోతే, ఆ గుంట ఏర్పడిన తరువాతే అక్కడ బంగారం వేశారని అర్థం. అది బంగారమేనా, ఇత్తడి పూతా అన్నది వేరే ప్రశ్న. వస్తువును గీయకుండా, కరిగించకుండా ఎక్స్ కిరణాలతో లోహాల పాళ్ళు చెప్పే యంత్రం నగల దుకాణాల దగ్గర కూడా ఉంటుంది. పసుపులో జింకు కనిపిస్తే అది ఇత్తడి. అదే యంత్రంతో అలుగును కూడా చూపించండి: పాత మూస ఉక్కులో (మూసలో కరిగించి తీసినదానిలో) మాంగనీసు చాలా తక్కువ, ఈనాటి కర్మాగారపు ఉక్కులో అది తప్పనిసరిగా గణనీయంగా ఉంటుంది. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు, కానీ ఈ పరీక్షకు వ్యాపారి ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాచారమే.

పిడి అలుగుకు సరిగ్గా అతకలేదని మీరు రాశారు. దానికి భయపడవద్దు. తల్వారు అలుగు తోకను పిడి లోపలికి దించి లక్కతో బిగిస్తారు. లక్క వదులైతే పిడి మార్చడం ఆ రోజుల్లో మామూలు విషయం. ఒకే కత్తికి మూడు తరాల్లో మూడు పిడులు ఉండవచ్చు. అలాగే అలుగు మీద ఇస్ఫహాన్‌కు చెందిన పేరుమోసిన పారసీక కత్తుల పనివాడు అసదుల్లా పేరు ఉంటే ఎగిరి గంతేయనక్కరలేదు. ఆ పేరును తరువాతి తరాల పనివాళ్ళు లెక్కలేనన్ని అలుగుల మీద వేశారు. పాత కాలపు నకలు కూడా పాతదే, దానికి తగిన విలువ దానికి ఉంది. అలుగు మీద అలలు అలలుగా నీటి చారలు కనిపిస్తే మాత్రం వ్యాపారి వెంటనే నిర్మల్ ఉక్కు, కోనసముద్రం ఉక్కు అంటారు. ఆ ప్రాంతం మూస ఉక్కుకు పేరుపడిన మాట నిజం, పారసీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయిన మాటా నిజం. కానీ అసలు మూస ఉక్కు చారలు క్రమం లేకుండా, లోహమంతటా ఉంటాయి; మెలికలు తిప్పి అతికించిన ఈనాటి పొరల ఉక్కులో ఒకే ఆకారం కొలతపెట్టినట్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది; ఆమ్లంతో పైపైన గీసిన చారలు దెబ్బ తగిలిన చోట, అరిగిన చోట తెగిపోతాయి. చారలు నిజమైనవని తేలినా అవి ఉక్కు గురించి చెబుతాయి తప్ప కత్తి ఎవరిదో చెప్పవు.

ఇక సర్టిఫికెట్. దాని మీద సంతకం ఎవరిదో చూడండి. అమ్మేవారే సంతకం చేసిన కాగితం ధర చీటీ కన్నా ఎక్కువ కాదు. వేరే నిపుణుడు చేసి ఉంటే ఆయన సరిగ్గా ఏ మాటకు పూచీ పడుతున్నారో అక్షరమక్షరం చదవండి. "18వ శతాబ్దపు దక్కన్ తల్వారు" అని రాసిన కాగితాన్ని చూపించి "టిప్పు సేనాధిపతి కత్తి" అని నోటితో చెప్పడం ఈ వ్యాపారంలో తరచూ జరుగుతుంది. బీమా కోసం కట్టిన విలువ పత్రాలను అసలుదనానికి రుజువుగా చూపడమూ అంతే తరచు.

ఒక వస్తువుకు రుజువు ఎంతవరకు ఉంది, ఎక్కడ ఆగింది అన్నది నిజాయితీగా చెప్పడం ఎలాగో తెలియాలంటే శివాజీ పులిగోళ్ళ సంగతి చూడండి, అంటే అఫ్జల్‌ఖాన్‌ను చంపడానికి ఆయన వాడాడని చెప్పే ఉక్కు గోళ్ళ ఆయుధం. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారి పులిగోళ్ళను 2024లో మహారాష్ట్రకు తెచ్చి సాతారాలో ప్రదర్శనకు పెట్టారు. 1818 ప్రాంతంలో సాతారాలో కంపెనీ ప్రతినిధిగా పనిచేసిన జేమ్స్ గ్రాంట్ డఫ్‌కు పీష్వా దగ్గరి ప్రధానమంత్రి వాటిని ఇచ్చాడని అవి ఉన్న పెట్టె మీద రాసి ఉంది. అంటే 19వ శతాబ్దం తొలినాళ్ళ వరకు ఒక జాడ ఉంది. శివాజీ అఫ్జల్‌ఖాన్‌ను చంపింది 1659లో. ఈ మధ్యలో దాదాపు 160 ఏళ్ళ ఖాళీ ఉంది, దాన్ని పూరించే కాగితం ఏదీ లేదు. అందుకే ఇవే ఆ పులిగోళ్ళని నిర్ధారించడం సాధ్యం కాలేదని ఆ మ్యూజియమే చెప్పింది. పెట్టె మీద అఫ్జల్‌ఖాన్‌ను మొగలు సేనాని అని రాశారు. ఆయన బీజాపూరు ఆదిల్‌షాహీల సేనాని. రాసినవారు విన్న కథను రాశారు తప్ప తెలిసిన చరిత్రను కాదని ఆ ఒక్క తప్పు పట్టిస్తుంది. అంత పెద్ద మ్యూజియం, అంత పాత పెట్టె ఉండి కూడా అంతవరకే చెప్పగలిగితే, ఏ పెట్టే లేని మీ తల్వారు విషయంలో వ్యాపారి అంత నమ్మకంగా మాట్లాడడానికి ఏమి ఉందో అడగండి.

పక్కా ఆధారం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ మన ఆదోని నుంచే ఉంది. 1689లో మొగలుల పక్షాన పోరాడిన బికనీరు రాజు అనూప్ సింగ్ ఆదోని కోట పతనం తరువాత అక్కడి ఆయుధాలను తన రాజ్యానికి పంపించాడు. బికనీరు జునాగఢ్ కోట ఆయుధాగారంలో లెక్క కోసం ఒక్కొక్క కఠారి మీద, కత్తి మీద చుక్కలు చుక్కలుగా పొడిచి దేవనాగరి అక్షరాల్లో రాశారు. కొన్నింటి మీద ఆదోని పేరు, సంవత్సరం కూడా ఉన్నాయి. తరువాతి కాలంలో ఆ ఆయుధాల్లో చాలా అమ్ముడై విదేశీ మ్యూజియాలకు చేరాయి. వాటి మీది రాతను నేను గౌరవించడానికి కారణం అది అమ్మకం కోసం కాక సొంత లెక్క కోసం రాసినది కావడం, తెలిసిన యుద్ధంతోనూ, అదే ఆయుధాగారం నుంచి వచ్చిన ఇతర వస్తువుల రాతతోనూ సరిపోలడం. ఈ రాత విలువ తెలిసిన నకిలీగాళ్ళు దాన్ని కూడా పొడుస్తున్నారు, కనుక చుక్కల లోపలి రంగు చుట్టూ ఉన్న లోహం రంగుతో కలుస్తున్నదో లేదో చూడాలి. అయినా ఒకటి గమనించండి: ఇంత చక్కని ఆధారం కూడా ఆయుధం ఏ కోట నుంచి వచ్చిందో చెబుతుంది, ఎవరి చేతిలో ఉన్నదో చెప్పదు.

ఇంగ్లండు కుటుంబం కథను తేల్చడం నిజానికి అన్నిటి కన్నా సులువు. కంపెనీ అధికారుల చేరికలు, పదోన్నతులు, మరణాలు ముద్రిత జాబితాల్లో ఉన్నాయి, మూల రికార్డులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, నిజాం కాగితాలు హైదరాబాదులో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ కెప్టెన్ అసలు ఉన్నాడా, 1799 మే నెలలో ఆయన దళం శ్రీరంగపట్నంలో ఉందా, అప్పటికి ఆయన కెప్టెనేనా అన్న మూడు సంగతులు ముందు తేలాలి. అవి తేలినంత మాత్రాన కత్తి ఆయనదని కాదు. పేరున్న మనిషిని జాబితాలో చూసి ఎన్నుకున్న తరువాతే కథ అల్లి ఉండవచ్చు. ఆయన వీలునామాలో, ఉత్తరాల్లో, ఇంటి వస్తువుల పాత జాబితాలో, పాత ఫోటోలో ఈ కత్తి కనిపించాలి. కుటుంబం గోప్యత కోరింది అని వ్యాపారి అంటే, ఆ గోప్యతకు అయ్యే ఖర్చును మీరు భరించనక్కరలేదని మర్యాదగా చెప్పండి.

పతకాలు కొనే ఇతరులకు కూడా పనికివస్తుందని ఒక మాట చేరుస్తాను. వస్తువు అసలుది, మనిషి అసలువాడు, దళం అసలుది, కథ ఒక్కటే అబద్ధం అయిన సందర్భాలు పట్టుకోవడం చాలా కష్టం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా మీద గుర్రపుదాడి చేసినవి జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు (గుర్రపు దళాలు). హైదరాబాదు లాన్సర్లు అదే బ్రిగేడులో ఉన్నా ఆ దాడిలో లేరు. హైదరాబాదు లాన్సరు పేరు అంచున ముద్రించిన నిజమైన యుద్ధ పతకాన్ని "హైఫా వీరుడి పతకం" అని అమ్మితే పతకంలో లోపం వెతికి లాభం లేదు, దళం ఆ రోజు ఎక్కడుందో వెతకాలి. అలాగే 1803 నుంచి 1826 వరకు జరిగిన యుద్ధాలకు ఇచ్చిన ఆర్మీ ఆఫ్ ఇండియా పతకాన్ని 1851లో మంజూరు చేశారు, అప్పటికి బతికి ఉండి అర్జీ పెట్టుకున్నవారికే ఇచ్చారు. 1803లో అస్సాయే యుద్ధంలో నేలకూలిన వీరుడి ఛాతీ మీద అది ఉండదు. రెండో ప్రపంచయుద్ధపు పతకాలను భారతీయ సైనికులకు పేరు ముద్రించి ఇచ్చారు, బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఇచ్చారు, కనుక పేరు లేని బర్మా స్టార్‌తో వచ్చే ప్రతి కథా కేవలం నోటి మాటే.

తేదీలు పొసగకపోవడం తుపాకుల మీదా, ఇత్తడి సామాను మీదా ఇంకా తేలికగా దొరుకుతుంది. కంపెనీ తుపాకుల తాళం మీద మొదట గుండె ఆకారంలో కంపెనీ గుర్తు ఉండేది, సుమారు 1808 నుంచి దాని స్థానంలో లేచి నిలబడ్డ సింహం వచ్చింది. సింహం ఉన్న తుపాకి శ్రీరంగపట్నం యుద్ధంలో పేలలేదు. "కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917" అని చెక్కిన ఇత్తడి దిక్సూచులు, దూరదర్శినులు సైనిక వస్తువులుగా ప్రతి బజారులోనూ కనిపిస్తాయి. ఆ రెండు సంస్థలు కలిసి ఆ పేరుతో ఏర్పడింది 1947లో.

చట్టం వైపు నుంచి కూడా ఒక ప్రశ్న ఉంది, అది వ్యాపారిని చాలా త్వరగా ఇరుకున పెడుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువు పురావస్తువు, దానితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించకూడదు. కనుక ముందు లైసెన్సు చూపమనండి. ఇంగ్లండు నుంచి తెచ్చానంటున్నారు కనుక అక్కడ కొన్న రశీదు, వేలం అయితే లాటు నంబరు, ఇక్కడ కస్టమ్స్‌లో దాఖలు చేసిన బిల్లు తప్పకుండా ఉండాలి. ఆ బిల్లులో వస్తువును ఏమని వర్ణించారో, ఎంత విలువ చూపించారో చదవండి. విదేశాల్లో ఉన్న మన తెలుగువారు దీన్ని తిరగేసి అడగాలి. ఇటీవల భారతదేశం నుంచి చట్టబద్ధంగా వచ్చిందని అమ్మేవారు చెప్పి, ఇది పురావస్తువు కాదంటూ పురావస్తు శాఖ ఇచ్చిన ధ్రువపత్రాన్ని చూపిస్తే, ఆ పత్రాన్ని బట్టే అది టిప్పు కాలపు కత్తి కాదు. నిజంగా టిప్పు కాలపుదే అయితే అది దేశం దాటిన తీరు నేరం. రెండూ ఒకేసారి నిజం కాలేవు. కత్తిని ఇంట్లో ఉంచుకోవడానికి ఆయుధాల చట్టం కింద మీ ప్రాంతంలో ఏమైనా అనుమతి అవసరమా అన్నది కొనక ముందే స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీరు చేయవలసింది చెబుతాను. వ్యాపారిని నిందించవద్దు, ఆయన కూడా ఇంకొకరి నుంచి ఈ కథతోనే కొని ఉండవచ్చు. చట్రం విప్పించి కత్తిని, పతకాన్ని వేరు వేరుగా చూపమనండి, వేరు వేరు ధరలు చెప్పమనండి. వాటిని ఒకే చట్రంలో ఎవరు, ఎప్పుడు బిగించారో అడగండి, చట్రం వెనక చెక్క, మేకులు, గుడ్డ ఫోటో తీసుకోండి. రశీదు మీద "టిప్పు సుల్తాన్ సేనాధిపతి కత్తి, 1799" అని ఆయన నోటితో చెప్పినదంతా రాసి, అది తప్పని ఇద్దరు స్వతంత్ర నిపుణులు చెబితే ఏడాది లోపు సొమ్ము వాపసు ఇస్తామని సంతకం చేయమనండి. కథ మీద నమ్మకం ఉన్నవారు దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకుండా "పాత తల్వారు" అని మాత్రమే రాస్తానంటే పాత తల్వారు ధరే ఇవ్వండి. కత్తి మీకు నచ్చితే ఆ ధరకు కొనడంలో తప్పేమీ లేదు. ఈ లోపు దాన్ని తుడవనివ్వవద్దు, నూనె పట్టించనివ్వవద్దు, ముఖ్యంగా బంగారు అక్షరాల దగ్గర.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, అక్కడి తల్వార్ల మీద బంగారం అరిగిన తీరును ఒక పూట తీరిగ్గా చూసి వచ్చి, తరువాత వ్యాపారి దగ్గరకు వెళ్ళండి. నాకు మూడు ఫోటోలు పంపండి: పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఆ రెండో అక్షరం దగ్గరి తుప్పు గుంట, కత్తి వెన్ను పిడిలోకి దిగే చోటు, పతకం వెనక వైపు పారసీ తేదీ పక్కన కత్తి మీది 1213. పతకం వెడల్పును మిల్లీమీటర్లలో రాయండి. అవి అందాక బంగారం విషయంలో నేను ఇప్పుడు అనుమానంగా చెప్పినదాన్ని అవుననో కాదనో చెప్పగలను.